ఈశ్వరచంద్ర విద్యాసాగరుడును పసిబిడ్డల మొదటి పుస్తకమును

విద్యాసాగరుడను పేరు వినినంతనే మన తెలుగువారికి వితంతూద్వాహములు స్ఫురించును. హిందూ వితంతువుల పునర్వివాహమును న్యాయసమ్మతము గావించిన 1856వ సంవత్సరపు శాసనము ఆయన కృషికి ఫలము. 1881వ సంవత్సరము డిసెంబరు నెలలో రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని మహాదేవ గోవింద రానడేగారు దక్షిణదేశ విద్యాసాగరుడని కొనియాడిన సంగతి మన పెద్దలు ఎరుగుదురు. అయితే ఆ మహనీయుని జీవితములో మన ప్రాంతమున అంతగా వినబడని కార్యము మరియొకటి కలదు. అది కొలది పుటలు గల ఒక చిన్న పుస్తకము. దాని పేరు వర్ణపరిచయము. ఓనమాలు దిద్దుకొను పసివారికి చదువు నేర్పుటకై ఆయన దానిని రచించెను. మేము ఈ వ్యాసమునందు విద్యాసాగరుని జీవితమును ముఖ్యముగా ఆ చిన్న పుస్తకము వైపునుండి చెప్పదలచితిమి. ఏలయన, చిన్న తరగతుల ఉపాధ్యాయులును, బిడ్డలను బడికి పంపు తల్లిదండ్రులును నిత్యము ఎదుర్కొను ప్రశ్న యొకటి అందులో ఇమిడియున్నది. బిడ్డ పుస్తకమును నిజముగా చదువుచున్నాడా, లేక విన్నదానిని వల్లించుచున్నాడా అనునదే ఆ ప్రశ్న.

ఈశ్వరచంద్రుడు 1820వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన బంగాళమునందలి వీరసింహ గ్రామమున జన్మించెను. తండ్రి ఠాకూర్‌దాస్ వంద్యోపాధ్యాయుడు, తల్లి భగవతీదేవి. వారిది పండితవంశమే గాని కలిమి గల వంశము కాదు. తండ్రి కలకత్తాలో స్వల్పవేతనమునకు కొలువు చేసి ఇల్లు గడపుచుండెను. బాలుడు గ్రామములోని కాళీకాంత చటోపాధ్యాయుని పాఠశాలలో అక్షరములు నేర్చెను. చదువులో చురుకైనవాడే గాని మిక్కిలి మొండివాడు. తండ్రి స్నానము చేయుమనిన దినమున చేయడు. వలదనిన దినమున తప్పక చేయును. అందుచేత ఆ తండ్రి తాను కోరినదానికి వ్యతిరేకముగా ఆజ్ఞాపించుట అలవరచుకొనెనట.

బాలునకు ఎనిమిదేండ్లు నిండిన పిమ్మట, 1828వ సంవత్సరము నవంబరు నెలలో, ఉన్నతవిద్య చెప్పింపవలెనని తండ్రి అతనిని కలకత్తాకు తోడ్కొనిపోయెను. సుమారు 50 మైళ్ల దూరము. బండి లేదు, నడకయే. గురువగు కాళీకాంతుడును వారితో కూడ వచ్చెను. ఈ ప్రయాణములో జరిగిన ఒక చిన్న సంగతిని విద్యాసాగరుడు తన వృద్ధాప్యమున వ్రాయ మొదలిడి పూర్తిచేయని స్వీయచరిత్రలో చెప్పియున్నాడు.

పెద్దబాట మీదికి వచ్చునప్పటికి దారిప్రక్కన సన్నికల్లు వంటి రాయి యొకటి బాలునకు కనబడెను. బాటమీద సన్నికల్లు పాతుట యెందులకని తండ్రి నడిగెను. తండ్రి నవ్వి, అది మైలురాయి యనియు, కలకత్తా ఇంకను 19 మైళ్లున్నదని దానిమీద ఇంగ్లీషు అంకెలతో చెక్కియున్నదనియు చెప్పెను. బాలుడు రాతిని సమీపించి, ఒకటి ఏదియో తొమ్మిది ఏదియో అడిగి తెలిసికొనెను. తరువాతి రాతిమీద 18. అందు ఎనిమిది క్రొత్తది. ఆపైని 17; అందు ఏడు క్రొత్తది. ఇట్లు నడచుచు నడచుచు పదియవ రాయి చేరునప్పటికి బాలుడు తనకు ఇంగ్లీషు అంకెలన్నియు వచ్చినవని చెప్పెను. తండ్రి పరీక్షింపగా తొమ్మిది, ఎనిమిది, ఏడు అంకెలను వరుసగా చెప్పెను. అయినను తండ్రికి సందేహము తీరలేదు. పదికి పిమ్మట తొమ్మిది, తొమ్మిదికి పిమ్మట ఎనిమిది వచ్చునని ఎరిగిన పిల్లవాడు రాతిని చూడకయే వరుసను బట్టి చెప్పవచ్చును గదా! అందుచేత ఆరవ రాయి వచ్చినప్పుడు బాలుని దృష్టి దానిపై పడకుండ చేసి, అయిదవ రాతిని చూపి యిది యెన్నవదని అడిగెను. బాలుడు రాతివంక చూచి, ఇది ఆరు కావలసియుండగా పొరపాటున అయిదు చెక్కినారని చెప్పెను. తండ్రియు గురువును మిక్కిలి సంతోషించిరి.

చదువరులు ఈ కథను ఒక సూక్ష్మబుద్ధిగల బాలుని ముచ్చటగా మాత్రమే తలంపకుందురు గాక. ఇందులో రెండు పాఠములున్నవి. మొదటిది: ఆ మైలురాళ్లు బాలునకు అన్ని అంకెలను ఒక్కమారుగా నేర్పలేదు. ఒక్కొక్క రాతిమీద తెలిసినది ఒకటి, క్రొత్తది ఒకటి ఉండెను. తెలిసినదానిని ఊతగొని తెలియనిదానిని అందుకొనుట ఆ బాటయే నేర్పెను. రెండవది: తండ్రి కోరినది సరియైన జవాబు కాదు, కన్ను రాతిమీద నిలిచినదా లేదా అని ఆయన చూడగోరెను. వరుస ప్రకారము ఆరు అని చెప్పియున్నచో బాలుడు ఊహించినవాడగును. చెక్కినది అయిదు అని చెప్పెను గనుక చదివినవాడయ్యెను.

కలకత్తాలో ఈశ్వరచంద్రుడు 1829వ సంవత్సరమున సంస్కృత కళాశాలలో ప్రవేశించెను. తండ్రికిని తమ్ములకును తానే వంట చేసి పెట్టుచు, వ్యాకరణము, కావ్యము, అలంకారము, వేదాంతము, స్మృతి, న్యాయము మొదలగు శాస్త్రములను పండ్రెండేండ్లకు పైగా అభ్యసించెను. విద్యాసాగర బిరుదము ఆ పాండిత్యమునకు లభించినది. 1841వ సంవత్సరము కడపట ఫోర్టు విలియం కళాశాలలో ప్రధాన పండితుడయ్యెను. 1847లో మిత్రుడగు మదనమోహన తర్కాలంకారునితో కలసి సంస్కృత ముద్రాలయమును స్థాపించెను. 1851వ సంవత్సరమున సంస్కృత కళాశాలకు అధ్యక్షుడై, అంతవరకు బ్రాహ్మణ వైద్య కులములవారికి మాత్రమే తెరచియున్న ఆ విద్యాలయమున ఇతరులకును ప్రవేశము కల్పించెను. ఇట్టి పండితుడు తన ముప్పదియైదవ యేట అక్షరములు నేర్పు పుస్తకమును వ్రాయుటకు కూర్చుండెను. పల్లెల పాఠశాలలను చూచుటకై పల్లకిలో తిరుగుచు ఆ దారిలోనే దానిని కూర్చెనని చెప్పుదురు.

ఆనాటి బంగాళపు పాఠశాలలలో పసివాని చదువు ఎట్లుండెనో 1835 మొదలు 1838 వరకు విలియం ఆడంగారు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలవలన తెలియును. పిల్లలు మొదట నేలమీదను, పిమ్మట తాటియాకుమీదను, పిమ్మట అరటియాకుమీదను, కడపట కాగితముమీదను వ్రాయుచుండిరి. అచ్చుపుస్తకములు అరుదు. వ్రాత కలదు, లెక్క కలదు, వల్లెవేయుట కలదు. పుస్తకము చేతికిచ్చి చదివించుట మాత్రము కొంచెము. మదనమోహన తర్కాలంకారుడు 1849లో ప్రారంభించిన శిశుశిక్ష అను పుస్తకములు ఈ కొరతను కొంత తీర్చినవి. విద్యాసాగరుడు ఆ మార్గమున మరింత ముందునకు సాగెను.

వర్ణపరిచయము ప్రథమభాగము 1855వ సంవత్సరము ఏప్రిల్ నెలలోను, ద్వితీయభాగము అదే సంవత్సరము జూన్ నెలలోను వెలువడెను. ఆయన మొదట వర్ణమాలనే సవరించెను. పూర్వము బంగాళీ వర్ణమాలలో 16 అచ్చులును 34 హల్లులును లెక్కించుచుండిరి. బంగాళీ మాటలలో దీర్ఘ ౠకారమును దీర్ఘ ౡకారమును కానరావు గనుక వానిని తొలగించెను. అనుస్వార విసర్గములను అచ్చులనుండి హల్లులలోనికి మార్చెను. క్షకారము కకార షకారముల కూడిక యగుటచే దానిని విడి యక్షరముగా లెక్కింపక సంయుక్తాక్షరములలో చేర్చెను. బంగాళీలో వేరుగా పలుకబడు మూడు ధ్వనుల యక్షరములకును, చంద్రబిందువునకును వేరు స్థానము లిచ్చెను. ఈ రీతిగా 12 అచ్చులును 40 హల్లులును ఏర్పడినవి. మన ఏబదియారు అక్షరములను వల్లించునప్పుడు ౠ, ౡ, క్ష లను పలికిన ప్రతివానికిని ఈ సవరణ యెంతటి సాహసమో తెలియకపోదు. సంస్కృతములో సముద్రమంతటివాడు సంస్కృత సంప్రదాయమును ప్రక్కకు జరిపి, పసివాని నోట పలుకు మాటలలో ఏ యక్షరము వచ్చునో దానికే చోటు కల్పించెను.

పిమ్మట పాఠముల క్రమము. అక్షరములు చూపిన తరువాత వానిని వరుస తప్పించి మరల చూపెను. ఎందుకనగా, వరుసగా అప్పగించు బాలుడు ఒక్క యక్షరమునైనను గుర్తింపకయే కడవరకు పోగలడు. ఆరవ మైలురాయి ఇచ్చట మరల మనకు కానవచ్చును. ఆ తరువాత గుణింతపు గుర్తులు లేని ఉత్త హల్లుల మాటలు. అటుపైని దీర్ఘము, గుడి, కొమ్ము మొదలగు గుర్తులలో ఒక్కొక్కదానిని తీసికొని, ఆ గుర్తు గల చిన్న మాటలు. అన్నియు వచ్చిన పిమ్మట వానిని కలిపిన మాటలు. అంతట గాని పాఠములు మొదలు కావు. మొదటి పాఠములో వాక్యమే లేదు. చెట్టు, నీరు, పువ్వు, ఆకు వంటి పరిచిత వస్తువులకు ఒక్కొక్క విశేషణము చేర్చిన జంటమాటలు మాత్రమే యున్నవి. తరువాత రెండు మూడు మాటల వాక్యములు. క్రమముగా పొడుగైన వాక్యములు. కడపట గోపాలుడను మంచిబాలుని కథయు, రాఖాలుడను అల్లరిబాలుని కథయు. ఈ ప్రథమభాగపు పాఠములన్నియు సంయుక్తాక్షరములు లేకుండ నడచును. ఆ నియమమును పాటించి కథ చెప్పుట ఎంత కష్టమో, వత్తు లేకుండ తెలుగున పది వాక్యములు వ్రాయ ప్రయత్నించువారికి వెంటనే తెలియును. ఆ కష్టమును రచయిత తాను భరించెను గనుకనే పసివానికి అది తప్పెను.

సంయుక్తాక్షరములు ద్వితీయభాగమునకు విడువబడినవి. ఆ భాగపు పీఠికలో విద్యాసాగరుడు ఉపాధ్యాయులకు చేసిన హెచ్చరికలు మాకు మిక్కిలి విలువగలవిగా తోచుచున్నవి. సంయుక్తాక్షరములకు ఉదాహరణముగా ఇచ్చిన మాటలలోని అక్షరముల కూడికను మాత్రమే నేర్పవలెననియు, ఆ మాటల యర్థములను చెప్పబూనినచో గురువునకును శిష్యునకును శ్రమ కలుగుననియు వ్రాసెను. అర్థమును తృణీకరించి ఆయన ఇట్లు చెప్పలేదు. ఉత్త మాటల పట్టికలను ఎడతెగక చదువుట నీరసమై పిల్లలకు విసుగు పుట్టునని ఆయనయే వెనువెంట చెప్పి, అందుకై నడుమ నడుమ పసివారికి పూర్తిగా బోధపడు విషయములతో తేటమాటల పాఠములను కూర్చెను. ఆ పాఠములలో అర్థమును చక్కగా వివరింపవలెను. అనగా కష్టమైన కూడికను నేర్చుచోట అర్థభారమును తగ్గించెను. అర్థము గ్రహింపవలసినచోట అక్షరభారమును తగ్గించెను. ఒక్కమారు ఒక్క బరువే బిడ్డ నెత్తిన పెట్టవలెనన్నదే ఆయన పద్ధతికి మూలసూత్రము.

ఈ సూత్రమును మన తెలుగునకు అన్వయించి చూతము. మన వాచకములు పలుమారు అకారమునకు అమ్మ బొమ్మను చూపును. అమ్మ అను మాటలో మకారమును దానిక్రింది వత్తును ఉన్నవి. బిడ్డకు అవి యింకను తెలియవు. బొమ్మను చూచి అమ్మ యని పలుకుటలో దోషము లేదు. అది చదువని మనము భ్రమించుటయే దోషము. అల, వల, పలక, పడవ, గడప అను మాటలను బొమ్మ లేకుండ వ్రాసి చూపినప్పుడు బిడ్డ ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొని మాటను పట్టుకొనెనా, అది చదువు. ఆ పిమ్మట తాత, పాట, బాట, కాకర, ఆ పిమ్మట గుడులు, కొమ్ములు, తరువాత ద్విత్వములు, తరువాత సంయుక్తములు. నేర్పిన యక్షరములే గల పాఠమును చేతికిచ్చినచో బిడ్డ తన శక్తితోనే దానిని చదువగలడు. నేర్పని యక్షరములతో నిండిన పాఠమును ఇచ్చినచో మూడు త్రోవలే మిగులును: బొమ్మను చూచి ఊహించుట, ప్రక్కవాని గొంతు ననుసరించుట, లేదా విన్నదానిని కంఠస్థము చేయుట.

మేము చిన్న తరగతులలో ఈ మూడవ త్రోవను పలుమారు చూచియున్నాము. పిల్లవాడు పుస్తకము తెరచి, గొంతెత్తి, తప్పులేకుండ పాఠమంతయు అప్పగించును. వ్రేలు మాత్రము రెండు పంక్తులు వెనుకబడియుండును. ఒక్కొక్కప్పుడు వేరొక పుటమీదనే యుండును. వినువారికి అది చక్కని చదువు. కాని అదే పాఠములోని మాటను పలకమీద విడిగా వ్రాసి చూపగా ఆ బిడ్డ మొగము చిన్నబోవును. వాని జ్ఞాపకశక్తియే వాని లోపమును కప్పివేయును. రెండవ తరగతిలో కప్పును. మూడవ తరగతిలో కప్పును. పాఠములు పొడుగైన నాలుగవ అయిదవ తరగతులలో కప్పజాలదు. అప్పటికి వానిని మందబుద్ధి యని పిలుచుట ఇంటను బడిలోను అలవాటైయుండును. తెలివి చాలక వెనుకబడలేదు. ఎన్నడును చదువుట నేర్పబడలేదు. ఇది చిన్న నష్టము కాదు.

విద్యాసాగరుడు ఒకమారు వ్రాసి విడిచిపెట్టలేదు. ప్రథమభాగము వెలువడి ఇరువదియేండ్లు గడచిన పిమ్మట, 1875లో అరువదియవ ముద్రణమునకు వ్రాసిన పీఠికలో, బడులలో తాను గమనించిన చిన్న చిన్న దోషములను గూర్చి ముచ్చటించెను. పిల్లలు అ, ఆ అని పలుకుటకు మారుగా అచ్చులలోని అ, అచ్చులలోని ఆ యని పలుకుచున్నారనియు, అక్షరపు ధ్వనిని మాత్రమే పలుకునట్లు నేర్పవలెననియు సూచించెను. తుది యకారము పలుకబడు మాటలకును, పలుకబడని మాటలకును భేదము తెలియునట్లు గుర్తులు పెట్టెను. దేశమంతట ఖ్యాతి వహించిన వృద్ధపండితుడు పసివాని నోట అక్షరము ఎట్లు వెలువడుచున్నదో చెవియొగ్గి వినుట మా వంటి ఉపాధ్యాయులకు గొప్ప పాఠము.

పుస్తకము వ్రాసిన యేటనే ఆయనకు దక్షిణ బంగాళపు పాఠశాలల పరీక్షాధికారము లభించెను. నదియా, హుగ్లీ, వర్ధమాన, మేదినీపుర మండలములలో మండలమునకు అయిదేసి చొప్పున 20 ఆదర్శపాఠశాలలను నెలకొల్పెను. 1857 నవంబరు మొదలు 1858 మే వరకు, ఏడు నెలలలో, 35 బాలికాపాఠశాలలను తెరపించెను. వానిలో సుమారు 1300 మంది బాలికలు చేరిరి. ప్రభుత్వము ద్రవ్యసహాయమునకు వెనుదీయగా ఉపాధ్యాయుల జీతముల బాధ్యతను తనపై వేసికొనెను. 1858లో తన యుద్యోగమునే వదలుకొనెను. ఆ కాలపు బాలిక బడిలో ఉండునది కొలది సంవత్సరములే. పిమ్మట వివాహము, అత్తవారిల్లు. ఆ కొలది కాలములో ఆమెకు నిజముగా చదువ వచ్చెనా, జీవితమంతయు పుస్తకము ఆమెకు తోడుండును. వల్లించుట మాత్రమే వచ్చెనా, బడి విడిచిన మరునాడే అంతయు పోవును. సులభక్రమము గల మొదటి పుస్తకము ఎవరికి ఎక్కువ అవసరమో ఇందువలన తెలియగలదు.

గోపాల రాఖాలుల కథలు బంగాళమున ఇంటింట వినబడినవి. గోపాలుడు పెద్దలు చెప్పినట్లు నడచువాడు. రాఖాలుడు బడి మాని ఆటలాడువాడు. రవీంద్రనాథ ఠాకూరుగారు విద్యాసాగరుని గూర్చి వ్రాయుచు, ఆ గ్రంథకర్త బాల్యమున గోపాలునికంటె రాఖాలునే ఎక్కువగా పోలియుండెనని చమత్కరించిరి. అల్లరి పిల్లలు ఈ మాటను ఊతగా గైకొనకుందురు గాక. అల్లరివానియందును విద్యాసాగరుడు దాగియుండవచ్చునని ఉపాధ్యాయులు మాత్రము జ్ఞాపకముంచుకొందురు గాక.

వర్ణపరిచయమే చదువున కంతయు సరిపోవునని విద్యాసాగరుడు తలంపలేదు. అక్షరముల గుమ్మము దాటిన బిడ్డకై కథామాల అను పేర ఈసపు కథలను, చరితావళి అను పేర కష్టపడి పైకివచ్చిన పాశ్చాత్యుల జీవితములను 1856లో బంగాళీలో వెలువరించెను. సృష్టిలోని పదార్థములను గూర్చిన బోధోదయము అంతకు పూర్వమే 1851లో వచ్చియుండెను. బిడ్డ చదువజాలని మంచి కథలను పెద్దలు చదివి వినిపింపవలెను. బిడ్డ చదువగల పాఠములను బిడ్డయే చదువవలెను. ఒకటి చెవికి విందు, రెండవది కంటికి వ్యాయామము. ఒకదానికై మరియొకదానిని మానరాదు.

ఇది గతించిన కాలపు ముచ్చట మాత్రమే కాదు. మన దేశపు గ్రామములలో పిల్లల చదువును పరిశీలించు అసర్ నివేదిక ప్రకారము, 2022లో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు నూటికి 20.5 మంది, 2024లో 27.1 మంది. ఇతర దేశములును ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవి. అమెరికాలో జాతీయ పఠనమండలి 2000వ సంవత్సరమున ప్రకటించిన నివేదిక, అక్షరధ్వనులను క్రమపద్ధతిగా నేర్పుట పసివారికి మేలు చేయునని నిర్ధారించినది. ఇంగ్లండులో 2014 నుండి అమలుకు వచ్చిన పాఠ్యప్రణాళిక, చిన్నపిల్లలకు వారు నేర్చిన అక్షరధ్వనులకు తగిన పుస్తకములనే బిగ్గరగా చదువుట కియ్యవలెనని విధించినది. 1855లో ఒక భారతీయ పండితుడు తన భాషలో ఆ పని చేసి చూపెనని తలంచినప్పుడు మనకు గర్వమును కలుగును, సిగ్గును కలుగును.

కడపటి సంవత్సరములలో విద్యాసాగరుడు నగరజీవితమునకు దూరముగా, ఇప్పటి ఝార్ఖండ రాష్ట్రమందలి కర్మాటాడున ఇల్లు కట్టుకొని, సంతాలుల నడుమ నివసించుచు, వారికి మందు లిచ్చుచు చదువు చెప్పించుచు కాలము గడపెను. 1891వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో దేహము చాలించెను. ఆయన వ్రాసిన గ్రంథములలో పండితులు కొన్నిటిని ఎరుగుదురు; కాని వర్ణపరిచయము నేటికిని బంగాళమున అచ్చగుచు, పసివారి చేతులలో నలుగుచున్నది. గ్రంథకర్తకు ఇంతకుమించిన స్మారకచిహ్నము వేరొకటి కలదా?

తల్లిదండ్రులారా, మీ బిడ్డ పాఠము అప్పగించినప్పుడు సంతోషింపుడు. కాని అంతటితో ఊరకుండకుడు. బొమ్మను చేతితో మూసి చదువుమనుడు. క్రిందిపంక్తి నుండి పైకి చదువుమనుడు. పాఠములోని నాలుగు మాటలను వరుస మార్చి పలకమీద వ్రాసి చూపుడు. తడబడినచో కోపింపకుడు, ఏ యక్షరము రాలేదో కనుగొని, ఆ యక్షరము గల చిన్న మాటలను నాలుగు దినములు చదివింపుడు. ఇందుకు ధనము అక్కరలేదు. దినమునకు పావుగంట చాలును. ఠాకూర్‌దాసు బీదవాడు, కాలినడకన పోవుచున్నవాడు. అయినను ఆరవ రాతిని దాచి అయిదవ రాతిని చూపుటకు ఆయనకు తీరిక దొరకెను.

బాలబాలికలారా, మీకు రాని యక్షరమును రాదని చెప్పుటకు సిగ్గుపడకుడు. ఊహించి సరిగా చెప్పిన దానికంటె, చూచి కూడబలుకుకొని మెల్లగా చదివినదే మీ సొత్తు. వరుస ఆరు అని చెప్పుచున్నను రాతిమీద అయిదు కనబడినచో అయిదని చెప్పగల ధైర్యము చదువునకు మొదటి మెట్టు. ఆ మెట్టునుండియే ఒక బీదబాలుడు విద్యాసాగరు డయ్యెను.